రోగి మంచం ఏ గదిలో వేస్తారు?

(వేసవి ఆరోగ్య అవగాహన కార్యక్రమంలో రోగుల బంధువులకు వార్డు సిస్టర్ చేసిన ప్రసంగ పాఠం)

మీలో చాలామంది రాత్రంతా మీవారి మంచం పక్కన కూర్చుని, సరిగా నిద్రలేకుండా ఇక్కడికి వచ్చారని తెలుసు. ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఒక్క విషయం చెప్పి పంపిస్తాను.

డిశ్చార్జి రోజున మీరు మమ్మల్ని చాలా ప్రశ్నలు అడుగుతారు. ఏ మాత్ర ఎప్పుడు వేయాలి, పథ్యం ఏమిటి, గుడ్డు పెట్టవచ్చా, వంకాయ పెట్టవచ్చా, తలస్నానం ఎప్పుడు చేయించాలి, మళ్లీ ఎప్పుడు చూపించాలి. మేము కూడా ఓపికగా చెబుతాము. కాని ఇన్నేళ్లలో ఒక్కరు కూడా "సిస్టర్ గారూ, ఇంటికి తీసుకువెళ్లాక మంచం ఏ గదిలో వేయమంటారు?" అని అడగలేదు. మేము కూడా అడిగేవాళ్లం కాదు. నేను అడగడం మొదలుపెట్టింది మా ఇంట్లో జరిగిన తరువాతనే. అదేమిటో మొదట చెబుతాను.

2015 ఏప్రిల్‌లో మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట తడబడేది గాని ఎదుటివాళ్లు చెప్పేది అంతా అర్థమయ్యేది. మనవళ్లను పేరు పేరునా పిలిచేవారు. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకువెళ్లేటప్పుడు మా తమ్ముడు, "నాన్నను మేడ మీద కొత్త గదిలో ఉంచుదాం అక్కా, గాలి బాగా వస్తుంది" అన్నాడు. అంతకు ముందు ఏడాదే వేసిన గది అది. పక్కనే బాత్‌రూము, రెండు కిటికీలు, నున్నటి టైల్సు. ఇంట్లో అన్నిటికన్నా మంచి గది తండ్రికి ఇవ్వాలని వాడి కోరిక. నేనూ సరే అన్నాను. నర్సును గదా, బాత్‌రూము దగ్గరగా ఉందా, మంచానికి రెండు వైపులా నిలబడి పక్క మార్చడానికి చోటుందా, గుమ్మంలో వీల్ చైరు పడుతుందా అని అన్నీ చూశాను. తల ఎత్తి పైన ఏముందో మాత్రం చూడలేదు.

మే నెల చివరలో ఒక రాత్రి ఎనిమిది గంటలకు తమ్ముడు ఫోను చేశాడు. "నాన్న మత్తుగా ఉన్నాడు, పొంతన లేకుండా ఏదో మాట్లాడుతున్నాడు, ఒళ్లు కాలిపోతోంది" అన్నాడు. నేను నైట్ డ్యూటీలో ఉన్నాను. "జ్వరం అయి ఉంటుంది, పారాసిటమాల్ వేసి పొద్దున్నే తీసుకురా" అన్నాను. ఆ మాట అన్నది మరెవరో కాదు, నేనే. తెల్లవారుజామున మూడు గంటలకు ఫిట్స్ వచ్చాయి. 108లో తీసుకువచ్చేసరికి థర్మామీటరులో 106 డిగ్రీలు ఉంది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయి. ప్రాణం దక్కింది. ఆ తరువాత పద్నాలుగు నెలలు బతికారు గాని మనవళ్ల పేర్లు మళ్లీ పలకలేదు.

ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నప్పుడు మా మరదలు మెల్లగా ఒక మాట అంది. "వదినా, ఎండలు ముదిరాక రాత్రి పదింటికి కూడా ఆ గది గోడ మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉండేది. మేము అక్కడ ఉండలేక కింద హాల్లో పడుకునేవాళ్లం" అని. అంటే మేము పడుకోలేని గదిలో ఆయనను పడుకోబెట్టాము. ఆయన లేచి కిందకు రాలేరు. ఉక్కగా ఉందని చెప్పినా మాకు మాట తెలిసేది కాదు.

ఆ ఏడాది మన దేశంలో వడగాలులకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. 2003 వేసవిలో ఉమ్మడి రాష్ట్రంలో కూడా వెయ్యికి పైగా మరణాలు సంభవించాయి. వడదెబ్బ అనగానే మనకు పొలంలో కూలీ, రోడ్డు మీద రిక్షా కార్మికుడు గుర్తుకు వస్తారు. నిజమే, వాళ్లకు ప్రమాదం ఎక్కువ. కాని గడప దాటని ముసలివాళ్లకు, మంచం మీద ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు ఇంట్లోనే వడదెబ్బ తగులుతుంది. ఎండ వాళ్ల దగ్గరకు రాదు. ఎండను దాచుకున్న గది వాళ్లను వదలదు.

ఒకే ఇంట్లో ఒక గది చల్లగా, ఒక గది వేడిగా ఎందుకు ఉంటాయో చూద్దాము. మొదట మేడ మీద గది. మే నెల మొదటి, రెండో వారాల్లో విజయవాడలోను, హైదరాబాదులోను మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మన నీడ మన కాళ్ల కిందే పడుతుంది. అంటే ఆ రోజుల్లో ఇంటికి తగిలే ఎండలో ఎక్కువ భాగం గోడల మీద కాదు, పైకప్పు మీదనే పడుతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు పొద్దుటి నుంచి ఆ వేడిని తాగుతూ ఉంటుంది. పైన పట్టిన వేడి స్లాబు అడుగుకు దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకని మధ్యాహ్నం పన్నెండుకు ఆ గది ఫరవాలేదనిపిస్తుంది. సాయంత్రం అయిదు తరువాత, బయట ఎండ తగ్గుతున్నప్పుడు, స్లాబు తాగిన వేడిని కిందకు వదలడం మొదలుపెడుతుంది. అర్ధరాత్రి దాకా వదులుతూనే ఉంటుంది. దోసెల పెనం స్టవ్ ఆపిన వెంటనే చల్లారదు గదా, అలాగే. మంచం మీద వెల్లకిలా పడుకున్న మనిషికి ఎదురుగా ఆ పెనమే ఉంటుంది.

స్లాబు మీద ఇంకో అంతస్తు ఉంటే కింద గదికి ఈ బాధ ఉండదు. కాబట్టి రెండంతస్తుల ఇంట్లో పగటిపూట చల్లని గది సాధారణంగా కింది అంతస్తులో, ఇంటి మధ్యలో, బయటి గోడలు తక్కువ ఉన్న గది. కాళ్ల కింద నేల కూడా చల్లగా ఉంటుంది. కడప బండలో షాబాదు బండలో పరచి ఉంటే మరీ మంచిది. అయితే మనం ఆ గదిలో ఏం పెడతాము? బియ్యం బస్తాలు, ఉల్లిపాయలు, ఆవకాయ జాడీలు. పాడైపోతాయని వాటిని చల్లని చోట పెట్టి, మనిషిని వేడి గదిలో పెడతాము. మా ఇంట్లో కూడా అంతే జరిగింది. ఆ బస్తాలు ఒక నెల రోజులు హాల్లో పెట్టుకుంటే ఏమీ కాదు.

ఇక పడమటి గోడ సంగతి. ఉదయం తూర్పు గోడకు కూడా ఎండ తగులుతుంది. కాని అప్పటికి గాలి ఇంకా చల్లగానే ఉంటుంది, గోడ కూడా రాత్రి చల్లారి ఉంటుంది. సాయంత్రం పడమటి గోడకు ఎండ ఏటవాలుగా, నేరుగా తగిలే సమయానికి గాలి రోజంతటిలోకీ వేడిగా ఉంటుంది. రెండు వేడులు కలిసి ఆ గోడ మీద పడతాయి. మన వైపు చాలా ఇళ్లలో నైరుతి గది ఇంటి యజమానికి, పెద్దవాళ్లకు ఇస్తారు. వాస్తు గురించి మాట్లాడడానికి నేను రాలేదు. మీ నమ్మకం మీది. ఒక్కటే అడుగుతాను. నైరుతి గదికి పడమర గోడ ఉంటుంది. ఆ గోడకు నీడనిచ్చే వేప చెట్టో, కానుగ చెట్టో, పక్కింటి గోడో లేకపోతే, మంచంలో ఉన్నవారిని ఏప్రిల్ నుంచి జూన్ వరకు మాత్రం వేరే గదికి మార్చండి. వానలు పడ్డాక వారి గది వారికే ఇవ్వండి. అలా చెబితే ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఒప్పుకున్నారని కొందరు తరువాత వచ్చి నాతో చెప్పారు.

మీలో రేకుల ఇళ్లలో ఉండేవాళ్లు, "మా ఇంట్లో మేడ లేదు, స్లాబు లేదు, ఉన్నది ఒకే గది" అనుకుంటూ ఉంటారు. మీకే ఇది ఎక్కువ అవసరం. సిమెంటు రేకు గాని, ఇనుప రేకు గాని పలచగా ఉంటుంది. అది ఎండ తగిలిన కాసేపటికే కాలుతుంది, వేడిని వెంటనే కిందకు పంపిస్తుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు రేకుల గది స్లాబు గదికన్నా ఘోరంగా ఉంటుంది. కాని పొద్దు గూకాక రేకు త్వరగా చల్లారిపోతుంది. స్లాబు గదికి ఇది తలకిందులు. అందుచేత మీకు పగటి చోటు వేరు, రాత్రి చోటు వేరు. పగలు చెట్టు కింద, పంచాయతీ భవనం వరండాలో, చర్చి హాలులో, బడి సెలవులైతే బడి వరండాలో, ఎక్కడ నీడ, గాలి ఉంటే అక్కడికి మంచంతో సహా తీసుకువెళ్లండి. నలుగురు పట్టుకుంటే నులక మంచం ఎంత బరువు? రాత్రికి ఇంట్లోకి తీసుకురండి. పాత పెంకుటిళ్లు, మట్టిగోడల ఇళ్లు ఉన్నవాళ్లు మాత్రం అదృష్టవంతులు. మందపాటి గోడ, ఎత్తయిన కప్పు, పెంకుల సందుల్లోంచి పోయే వేడి గాలి, ఇవన్నీ పెద్దవాళ్లు తెలిసి కట్టినవే. ఆ ఇల్లు పాతదని సిగ్గుపడి రోగిని కొత్త స్లాబు ఇంట్లోకి మార్చకండి.

మీ ఇంట్లో చల్లని గది ఏదో మీకు ఊహగా తెలిసే ఉంటుంది. అయినా ఒకసారి పరీక్ష చేసి చూడండి. గోడకు తగిలించే ఎర్ర గీత థర్మామీటరు దొరికితే ఒకటి కొనండి. దానిని మంచం ఎత్తులో పెట్టి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి ప్రతి గదిలోనూ చూసి రాసుకోండి. ఒకే ఇంట్లో గదికీ గదికీ నాలుగైదు డిగ్రీల తేడా కనిపించినా ఆశ్చర్యపోకండి. థర్మామీటరు లేకపోతే అరచెయ్యి చాలు. రాత్రి తొమ్మిదింటికి గోడ మీద అరచెయ్యి పెట్టండి, స్టూలు ఎక్కగలిగితే స్లాబు మీద కూడా పెట్టండి. వెచ్చగా తగిలితే అది రోగి గది కాదు. ఇంకొక సులువు చెబుతాను. మధ్యాహ్నం మీ ఇంటి కుక్కో పిల్లో ఎక్కడ పడుకుంటుందో చూడండి. దానికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు కిటికీలు. ఇందులో మనం చాలామందిమి తలకిందులుగా చేస్తాము. మధ్యాహ్నం గాలి కోసం కిటికీలన్నీ తెరుస్తాము, రాత్రి దోమలని మూస్తాము. బయటి గాలి లోపలి గాలికన్నా వేడిగా ఉన్నంతసేపు కిటికీ తెరిస్తే లోపలికి వచ్చేది వడగాలే. ఖమ్మం, పల్నాడు, నల్గొండ వైపు వాళ్లు ఉదయం తొమ్మిది, పది మధ్య ఎండ వైపు కిటికీలు మూసి, తెరలు దించి, సాయంత్రం బయట చల్లబడ్డాక అన్నీ తెరవండి. దోమలకు కిటికీలకు జాలీ కొట్టించండి, లేదా దోమతెర కట్టండి. కాకినాడ, విశాఖ వంటి సముద్రం దగ్గరి ఊళ్ల వాళ్ల సంగతి వేరు. అక్కడ మధ్యాహ్నానికి సముద్రం గాలి తిరుగుతుంది, ఆ వైపు కిటికీ తెరిచి ఉంచవచ్చు. అయితే పడమటి గాలి గట్టిగా కొట్టిన రోజున అక్కడ కూడా సముద్రం గాలి రాదు. ఆ రోజు మీరూ మూసుకోవలసిందే.

ఒకే కిటికీ ఉన్న గదిలోకి గాలి రాదు, ఎందుకంటే వచ్చిన గాలి పోవడానికి దారి లేదు. ఎదురు తలుపు కూడా తెరవాలి. ఇంకొక మాట, గోడ పైభాగంలో చిన్న వెంటిలేటర్లు ఉంటాయి. ఐసియులో మిషను గురించి కాదు నేను చెప్పేది, కంగారు పడకండి. వేడి గాలి పైకి లేస్తుంది గనుక అది బయటకు పోవడానికని వాటిని పెట్టారు. పావురాలు దూరుతున్నాయని, దుమ్ము పడుతోందని అట్టముక్కలు పెట్టి మూసేస్తాము. అట్టలు తీసి జాలీ కొట్టండి.

ఫ్యాను గురించి కూడా చెప్పాలి. ఫ్యాను గాలిని చల్లబరచదు. ఒంటి మీది చెమటను ఆర్పుతుంది, చెమట ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒక్కటే పెట్టి ఊరుకోవడం మంచిది కాదు. అప్పుడది వేడి గాలిని ఒంటి మీదకు తోస్తుంది. పైగా స్లాబు కింద పోగైన వేడిని సీలింగు ఫ్యాను నేరుగా మంచం మీదకు దించుతుంది. ముసలివాళ్లకు చెమట కూడా సరిగా పట్టదు. అందుకని తడి గుడ్డతో చేతులు, కాళ్లు, మెడ, వీపు తుడిచి, ఆ తడి మీద ఫ్యాను గాలి తగలనివ్వండి. అదే వారికి చెమట. కిటికీకి తడి దుప్పటి కట్టడం, వట్టివేళ్ల తడికలు పెట్టడం పొడి గాలి ఉన్నచోట బాగా పనిచేస్తాయి. సముద్రం దగ్గర గాలిలో అప్పటికే తేమ ఉంటుంది గనుక అంతగా పనిచేయవు. కూలరు పెట్టుకున్నవాళ్లు తలుపులన్నీ బిగించకండి. ఎదురు కిటికీ బెత్తెడు తెరిచి ఉంచకపోతే గదంతా తేమ నిండి ఉక్క పెరుగుతుంది.

వంటగది గురించి మీకు నేను చెప్పనక్కరలేదు, అక్కడ నిలబడేది మీరే. దానిని ఆనుకుని ఉన్న గది కూడా వెచ్చగానే ఉంటుంది. మంచం ఆ గోడకు చేర్చకండి. ఫ్రిజ్ విషయంలో మాత్రం చాలామంది పొరబడతారు. ఫ్రిజ్ లోపలి వేడిని తీసి వెనక నుంచి గదిలోకి వదులుతుంది. ఫ్రిజ్ ఉన్న గది చల్లబడదు, వేడెక్కుతుంది. ఒక తల్లి జ్వరంతో ఉన్న బిడ్డ కోసం ఫ్రిజ్ తలుపు తెరిచి పెట్టి కూర్చున్నానని చెప్పింది. ఆమె ప్రేమకు కొదవ లేదు, ఫ్రిజ్ పనితీరు ఎవరూ చెప్పలేదు, అంతే.

గది కుదిరాక మంచం చూడండి. మందపాటి ఫోము పరుపు, దాని మీద రెక్సిన్ షీటు, దాని మీద నిద్రలో కూడా పక్కకు తిరగలేని మనిషి. ఆ వీపు వేడి ఎక్కడికి పోవాలి? వీలైతే నవారు మంచం లేదా నులక మంచం మీద పలచని బొంత, దాని మీద నూలు దుప్పటి వేయండి. మంచం కింద నుంచి గాలి ఆడుతుంది. పుండ్లు పడకుండా గాలి పరుపు రాసి ఉంటే అది మానకండి, దాని మీద నూలు దుప్పటి వేసి, రెండు గంటలకు ఒకసారి పక్క మార్చేటప్పుడు వీపు తుడవండి. మూత్రం తడుపుతారని రెక్సిన్ తప్పనిసరైతే నడుము కింద వరకే వేయండి.

ఇక బాలింతల గది. ఇది చెప్పకుండా నేను వెళ్లలేను. మే నెలలో కూడా బాలింతను, పురిటి బిడ్డను తలుపులు మూసిన గదిలో ఉంచి, ఫ్యాను ఆపి, తల్లికి చెవుల్లో దూది పెట్టి, బిడ్డకు ఉన్ని టోపీ, మేజోళ్లు తొడిగి, రెండు గుడ్డల్లో చుట్టి ఉంచే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అమ్మమ్మల ఉద్దేశం మంచిదే. పుట్టిన బిడ్డ చలికి తట్టుకోలేదన్నది నిజం. డిసెంబరులో పుట్టిన బిడ్డను తప్పకుండా చుట్టాలి, తల్లి ఒంటికి ఆనించి ఉంచాలి. కాని ఆ పద్ధతినే మే నెలలో పాటిస్తే బిడ్డకు ఒళ్లు వేడెక్కి, ఒంట్లో నీరు తగ్గి, జ్వరం వస్తుంది. బిడ్డ మందకొడిగా అయి పాలు తాగడం మానేస్తుంది. వేసవిలో బిడ్డకు ఒక పలచని నూలు చొక్కా చాలు. ఫ్యాను నేరుగా బిడ్డ మీద కాకుండా గదిలో తిరగనివ్వండి, ఏ దోషమూ లేదు. బిడ్డ పొట్ట మీద, పాదాల మీద చెయ్యి పెట్టి చూడండి. పొట్ట వెచ్చగా, పాదాలు గులాబి రంగులో గోరువెచ్చగా ఉంటే సరిపోయింది. పొట్ట, మెడ కాలుతూ బిడ్డ ఎర్రబడి ఉంటే ముందు గుడ్డలు విప్పి, చల్లని గదిలోకి మార్చి, పాలు పట్టండి. అయినా ఒళ్లు వేడి తగ్గకపోతే, లేదా బిడ్డ పాలు పట్టకపోతే ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. పురిటి బిడ్డ జ్వరాన్ని ఇంట్లో పెట్టుకుని చూడకూడదు. ఎండాకాలమైనా ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్లు పట్టవద్దు, తల్లిపాలే తరచుగా ఇవ్వండి. నీళ్లు తాగవలసింది తల్లి. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలనే మాట ఎవరు చెప్పినా వినకండి.

చలికాలం గురించి ఒక్క మాట. ఆదిలాబాదు, లంబసింగి, అరకు వైపు నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, చలికి తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి నిద్రపోకండి. అందులోంచి వాసన లేని విషవాయువు వస్తుంది. మనిషి నిద్రలోనే పోతాడు.

గది మార్చడం కుదరనివాళ్లు పైకప్పును మార్చుకోవచ్చు. స్లాబు మీద తెల్ల సున్నం రెండు పూతలు వేస్తే ఎండ చాలావరకు వెనక్కి తిరిగిపోతుంది, కింద గదిలో రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం కూల్ రూఫ్ విధానమే ప్రకటించింది. సున్నం కొనలేకపోతే స్లాబు మీద కొబ్బరి మట్టలు, తాటాకులు పరచండి, లేదా నాలుగు కర్రలు పాతి పందిరి వేయండి. రేకుల మీద కూడా సున్నం వేయవచ్చు గాని, రేకు మీదకు ఎక్కకండి, విరుగుతుంది. నిచ్చెన మీద నుంచి పొడుగు కర్రకు కుంచె కట్టి వేయండి. మొన్న వేసవిలో ఇదే పని మీద ఎక్కి జారిపడి, కాలు విరిగి మా వార్డుకే వచ్చాడొకాయన. నీళ్లు పుష్కలంగా ఉన్నవాళ్లు పొద్దు గూకాక స్లాబు తడపండి.

మందుల గురించి రెండు మాటలు. గుండె జబ్బుకు, బి.పి.కి ఇచ్చే కొన్ని మాత్రలు, మూత్రం ఎక్కువగా వచ్చేందుకు ఇచ్చేవి, మానసిక జబ్బులకు, వణుకుడు జబ్బుకు ఇచ్చే కొన్ని మందులు శరీరం వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. ఈ మాట విని మాత్రలు ఆపకండి. అవి వాడేవారిని చల్లని గదిలో ఉంచండి, ఎండాకాలంలో మోతాదు మార్చాలా అని డాక్టరు గారిని అడగండి. గుండె, మూత్రపిండాల రోగులకు రోజుకు ఎన్ని నీళ్లు ఇవ్వాలో కూడా డాక్టరు గారే చెప్పాలి. మీ అంతట మీరు పెంచవద్దు, తగ్గించవద్దు. ఇన్సులిన్ సీసా మేడ మీద గది బీరువాలో, వంటగది గూట్లో పెట్టవద్దు. వేడికి మందు బలం పోతుంది, మీరు సూది వేస్తున్నా షుగరు తగ్గదు. ఫ్రిజ్ లేకపోతే కొత్త మట్టికుండలో అడుగున తడి ఇసుక వేసి, అందులో చిన్న ముంత పెట్టి, సీసాను పాలిథిన్ సంచిలో చుట్టి ముంతలో ఉంచండి. కుండను నీడలో, గాలి తగిలే చోట పెట్టి, ఇసుకను తడుపుతూ ఉండండి.

మా నాన్నగారి విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకుండా ఇది కూడా చెబుతాను. వేడి రోజుల్లో మంచం మీది మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు 104 డిగ్రీలకు చేరినా, అది మామూలు జ్వరం అనుకోవద్దు. చెమట పడుతోంది గదా, వడదెబ్బ కాదులే అని కూడా అనుకోవద్దు. వడదెబ్బకు పారాసిటమాల్ పనిచేయదు. దుప్పటి కప్పవద్దు. 108కి ఫోను చేయండి. బండి వచ్చేదాకా ఊరికే ఉండకండి. చల్లని చోటికి మార్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి గట్టిగా విసరండి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్పృహ ఉండి మింగగలిగితే, లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు కలిపి కొద్దికొద్దిగా తాగించండి.

ఇప్పుడు మన వార్డులో డిశ్చార్జి కాగితం ఇచ్చేటప్పుడు సిస్టర్ మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంది, మంచం ఏ గదిలో వేస్తున్నారని. ఆ కాగితం వెనక మీ ఇంటి గదులు గీసి, పడమర ఎటు ఉందో, పైన స్లాబో రేకో అంతస్తో, కిటికీలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. గీయడం రాకపోతే నోటితో చెప్పండి, మేము గీస్తాము. ఈ రోజు ఎవరైనా ఇంటికి వెళ్లి వస్తుంటే రాత్రి తొమ్మిదింటికి గోడల మీద చెయ్యి వేసి చూసి రండి. రేపు పదకొండు గంటలకు నేను డ్యూటీ రూములోనే ఉంటాను.